పేర్లయ్యేదాకా ఊపిరి తీయరాదు

ఆ మంగళవారం పొద్దున లెస్లీ టనిక్లిఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి స్టూడియోకి వెళ్లాలి, ఒక్క పాట రికార్డు చెయ్యాలి, ఒంటిగంటకు బయటపడి భార్యతో కర్టెన్ల గుడ్డ కొనడానికి వెళ్లాలి. సంగీత దర్శకుడై ఉండి కూడా అతను ఇంతకుమించి ఏమీ కోరుకోలేదు. లండన్‌లో అప్పట్లో వారానికో గూఢచారి సినిమా తయారవుతుండేది. అంతకన్నా ఎక్కువ కోరుకునే ఓపిక ఏ సంగీత దర్శకుడికీ మిగల్లేదు.

గూఢచారి అంటే ఎవరి కంటా పడకుండా తిరగవలసినవాడు. సినిమాలో మాత్రం అతను గుమ్మం దాటితే చాలు, అరవైమంది వాద్యగాళ్లు ఒక్కసారి విరుచుకుపడాలి. గిటారు గుర్రుమనాలి, ట్రంపెట్లు కెవ్వుమనాలి. ఇంత గోలలోనూ శత్రువులకు మాత్రం ఏమీ వినపడదు. ఈ రహస్యోద్యోగానికి తగిన రణగొణ ధ్వని సమకూర్చిపెట్టడం లెస్లీ వృత్తి. ఈసారి సినిమా పేరు 'మంచు పిడికిలి'. మంచుకీ పిడికిలికీ సంబంధమేమిటో కథ రాసినవాడికి కూడా తెలియదు.

నిర్మాత హ్యూబర్ట్ క్రేల్ గురించి రెండు ముక్కలు చెప్పుకుంటే సరిపోతుంది. సినిమాకి డబ్బు బ్యాంకుది, కష్టం అందరిదీ, పేరు ఆయనది. సొమ్మొకడిది సోకొకడిది అన్నమాట. సినిమా మొదట్లో పాట వినిపిస్తూ పేర్లు పడతాయి కదా, అందులో ఆఖరి పేరు క్రేల్ గారిది. పాటలో ఆఖరి స్వరం సరిగ్గా ఆ పేరు మీద బాంబులా పేలాలి. పేలకపోతే పాటా వద్దు, పాడినమ్మాయీ వద్దు, ఏదో ఒక బ్యాండు రికార్డు వేసుకుంటానని ఆయన ముందే తేల్చి చెప్పాడు.

పేలవలసిన గొంతు డోరీన్ ఆక్రాయిడ్‌ది. హల్ రేవులో తండ్రి పక్కన నిలబడి చేపల వేలంలో కేకలు వేసి పెంచుకున్న గొంతు. లండన్ వచ్చాక క్లబ్బుల్లో జనం మాంసం కోసుకుంటూ ఉంటే పాడింది, వాళ్లు తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఈ పాట సినిమాలో ఉంటే ఆమె గాయని. లేకపోతే శుక్రవారం రైలెక్కి మళ్లీ చేపల దగ్గరికి పోవడమే. కూతురు తిరిగొస్తుందన్న గట్టి నమ్మకంతో తండ్రి ఆమె గంప ఎవరికీ ఇవ్వకుండా అటక మీద దాచాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా డోరీన్‌కి ఒళ్లు మండేది.

మొదటి టేకు చక్కగా వచ్చింది. లెస్లీ కర్టెన్ల రంగు గురించి ఆలోచించడం కూడా మొదలుపెట్టాడు. అంతలో క్రేల్ గారు దవడ పట్టుకుని, చంకలో కొత్త రీలుతో దిగాడు.

"చిన్న మార్పు లెస్లీ. రెండు పేర్లు కలిపాను."

"ఎవరివి సార్?"

"ఒకటి మా ఆవిడ మేనల్లుడిది. బాంబు సీనులో చూపించిన చేతి గడియారం వాడిదే. గడియారాల సలహాదారు అని వేయించాను."

"రెండోది?"

"మా పళ్ల డాక్టరు ప్లిమ్మర్."

"ఆయన మన సినిమాకి ఏం చేశారు సార్?"

"నా పన్ను బాగుచేశాడు. నిన్న నోట్లో డ్రిల్లు పెట్టి, తెర మీద తన పేరు పడితే వాళ్లమ్మ సంతోషిస్తుందన్నాడు. నోట్లో డ్రిల్లున్నవాడు కాదంటాడా? పైగా పన్ను సగమే పూడ్చాడు. మిగతా సగం రేపు. అప్పటిదాకా ఆ పేరు జోలికి ఎవరూ పోకూడదు. సరిగ్గా నా పేరుకి ముందు పెట్టమన్నాడు, పెట్టించాను."

పేర్లు పెరిగితే పాటా పెరగాలి. పాట మధ్యలో సాగదీస్తే అరవైమందికీ కొత్త కాగితాలు రాయాలి. అంత వ్యవధి లేదు. సాగడానికి మిగిలింది డోరీన్ ఆఖరి స్వరం ఒక్కటే.

"ఏటండీ, మరీ అంత సాగదీయడానికి అదేటి, బబుల్‌గమ్మా?" అంది డోరీన్. అంటూనే పాడింది. ఆఖరి స్వరం గడియారాలను దాటి, పళ్లను దాటి, క్రేల్ గారి పేరు మీద ఠంచనుగా పేలింది. అక్కడితో ఆగి ఉంటే ఇది కథయ్యేదే కాదు. కానీ అప్పుడే టీ వేళయింది.

లండన్‌లో ప్రపంచం మునుగుతున్నా టీ ఆగదు. టీ బండి తోసే హిల్డా బాగ్‌షా, రికార్డింగు గది తలుపు దగ్గర నిలబడి ఈ మాటలన్నీ విన్నది. వయొలిన్ల వాళ్లకి టీ పోస్తూ, "పళ్ల డాక్టరు పేరు కూడా వేస్తున్నారట" అని ఊరికే చెప్పింది. సెల్లోల దగ్గరికి చేరేసరికి అది "ఇకనుంచి అందరి పేర్లూ వేస్తారట, వయొలిన్ల వాళ్లతో మొదలట" అయింది. వెనక వరసలో ట్రంపెట్లకీ ట్రాంబోన్లకీ చల్లారిన టీ, మిగిలిన బిస్కెట్ ముక్కలూ చేరినట్టే, వార్త కూడా ఆఖరి రూపంలో చేరింది: "అందరి పేర్లూ పడుతున్నాయి, మనవి తప్ప."

గూఢచారి సినిమాకి ప్రాణం వాళ్ల ఊదుడే. అయినా వాద్యగాడి పేరు తెర మీద పడిన పాపాన పోలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ అది గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చేసరికి అందరికీ ఒకేసారి గుండె మండింది. ట్యూబా వాయించే నార్మన్ గ్రిబుల్ లేచాడు. వాద్యగాళ్ల సంఘానికి ప్రతినిధి అతనే. ట్యూబా మోసీ మోసీ మనిషి కూడా దాని ఆకారానికే వచ్చాడు.

"సోదరులారా! ఊపిరి మనది, పేరు వయొలిన్ల వాళ్లదా? వాద్యాలు ఒళ్లో పెట్టుకోండి."

"మా పేర్లా? మా పేర్లెక్కడున్నాయి?" అన్నారు వయొలిన్ల వాళ్లు. పేర్లు ఉన్నాయని ఇప్పుడే తెలిసింది, లేవని కూడా ఇప్పుడే తెలిసింది. లేని పేర్లు పోయినందుకు వాళ్లు కూడా కమానులు కింద పెట్టేశారు.

"ఎవడు చెప్పాడయ్యా మీకీ మాట?" అని అరిచాడు క్రేల్.

"ఎవరు చెబితేనేం సార్? ఊదినవాడికి లేని పేరు పళ్లు పీకేవాడికుందా, లేదా?"

క్రేల్ గారికి అబద్ధమాడటం కొత్త కాదు గాని, పంటి నొప్పిలో వెంటనే తట్టలేదు. గడియారం పరుగెడుతోంది. ఒంటిగంట కొడితే, స్వరం సగంలో ఉన్నా సరే, వాద్యాలు పెట్టెల్లోకి వెళ్లిపోతాయి. అది సంఘం నియమం. రేపు ఈ అరవైమందీ ఇంకెవరి గూఢచారి వెంటో పడతారు. ఆయన ఫోను అందుకున్నాడు.

సోహోలో కూర్చుని తెర మీది పేర్లు రాసేవాడు ఫెర్గస్ మెక్‌వారీ. స్కాట్లండ్ మనిషి, ఒక్క ఆదివారం కూడా చర్చి ఎగ్గొట్టడు. ఎవరి పేరైనా సరే, ఆ మనిషి సినిమాకి ఏం పని చేశాడో చెప్పనిదే కుంచె ముట్టడు.

"ఫెర్గస్, వాద్యగాళ్లందరి పేర్లూ వెయ్యి."

"వాయించారా సార్?"

"వాయించబట్టేగా నాకీ తలనొప్పి!"

"అయితే వేస్తాను. ఇంకెవరైనా?"

టీ బండి పట్టుకుని, తన పేరు లేకపోతే చక్కెర లేదన్నట్టు డబ్బా మూత గట్టిగా నొక్కిపెట్టి హిల్డా ఎదురుగా నిలబడింది. క్రేల్ ఆమె వంక చూశాడు. "టీ, హిల్డా బాగ్‌షా అని కూడా రాసుకో."

ఇప్పుడు ఆఖరి స్వరం ఎంతసేపు పట్టాలో లెస్లీ లెక్క కట్టాడు. కట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డోరీన్ అతని మొహం చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నానొద్దనుకుంటే వొద్దని సెప్పీయండి లెస్లీ గారూ. ఇలగ ఊపిరాడకుండా సేసి తరమడమెందుకు? ఇంకో అమ్మాయినెవర్నో సూసుంచారు గదా?"

"అయ్యో, లేదమ్మా! నీ గొంతుంటే చాలని నెలరోజులుగా ఆయన కాళ్లావేళ్లా పడ్డది నేనే."

"మరింకేటి ఇదంతా?"

"పళ్లు," అన్నాడు లెస్లీ. జరిగిందంతా చెప్పాడు.

డోరీన్ ముక్కు తుడుచుకుంది. కాసేపు వెనక వరస వంక చూసింది. "ఆ స్వరం నాతోపాటు ఆళ్లూ పట్టాలి గదండీ?"

"పట్టాలి."

"అయితే కానియ్యండి. యేలంలో ఊపిరి తీస్తే పక్కోడు సేపలమ్మేసుకుంటాడు. మా నాన్న నాకు నేర్పిన ఇద్దె అదొక్కటే."

ఎర్ర దీపం వెలిగింది. కొత్త రీలు ఇంకా రాలేదు గనక, క్రేల్ గారే ఎదురుగా నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆయన మనసులో పేర్లన్నీ ఒక్కొక్కటే చదువుకోవడం అయ్యేదాకా ఆ చెయ్యి దిగదు. అది దిగేదాకా ఎవరూ ఊపిరి తీయరాదు. పాట నడిచింది, ఆఖరి స్వరం వచ్చింది. డోరీన్ అందుకుంది. వెనక ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా అందుకున్నాయి.

వయొలిన్ల పేర్లు సగం అయ్యేసరికి ట్రంపెట్ల వాళ్లు ఎర్రబడ్డారు. సెల్లోల పేర్లు వచ్చేసరికి వంకాయ రంగుకి తిరిగారు. ట్రాంబోను వాయించే పెద్దమనిషి ఒకాయన కళ్లు మూసుకుని కుటుంబాన్ని తలుచుకుంటున్నట్టు కనిపించాడు. ఒక ట్రంపెట్ చీదింది, ఇంకొకటి కుయ్యిమంది. నార్మన్ ట్యూబాలోంచి గేదె ఈనుతున్నప్పటి శబ్దం ఒకటి వచ్చి ఆగిపోయింది. ఆ గోల మాటున డోరీన్ రెండుసార్లు దొంగ ఊపిరి తీసుకుందనీ, ఒకసారేననీ రెండు వాదాలున్నాయి. ఏమైనా అందరూ పడిపోయాక కూడా గదిలో మిగిలింది ఆమె గొంతు ఒక్కటే. ఎదురుగా క్రేల్ గారి చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆయన ఇంకా డ్రమ్ముల వాళ్ల పేర్లలోనే ఉన్నాడు.

ముందుగా చెయ్యెత్తింది ట్రాంబోను పెద్దమనిషి. "సార్, నా పేరు తీసేయించండి. మా ఆవిడకి నా పేరు తెలుసు. అది చాలు."

"నాదీ తీసెయ్యండి."

"నాది అసలు వెయ్యమని ఎవరన్నారు సార్?"

నార్మన్ గ్రిబుల్ గోడ పట్టుకుని లేచాడు. "సోదరులారా! పేర్లు వేయించి మన ప్రాణాలు తీయడానికి యాజమాన్యం పన్నిన కుట్ర ఇది. మన పేర్లు తక్షణం తొలగించాలని డిమాండ్ చేస్తున్నాం." తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తన పేరూ వద్దని హిల్డా కూడా చక్కెర డబ్బా మూత వదిలేసింది.

క్రేల్ గారు మళ్లీ ఫోను అందుకున్నాడు. దవడ బూరెలా పొంగింది, కోపం అంతకన్నా పొంగింది.

"ఫెర్గస్! వాద్యగాళ్లూ టీ ఆవిడా వద్దంటున్నారు, తీసెయ్. అసలీ దిక్కుమాలిన సినిమాకి ఏ పనీ చెయ్యనివాళ్ల పేరు ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు. విన్నావా? ఒక్కటి కూడా! పళ్ల డాక్టరు పేరు మాత్రం కదిలించకు."

ఒంటిగంట కొట్టబోయే ముందు ఆఖరి టేకు తీశారు. అరవైమందీ బతుకు జీవుడా అన్నట్టు వాయించారు. డోరీన్ స్వరం గడియారాలనూ పళ్లనూ దాటి ఎక్కడ పేలాలో అక్కడ పేలింది. క్రేల్ గారు "ఆఁ, ఫర్వాలేదు" అని క్లబ్బుకి భోజనానికి పోయాడు. వాద్యాలు పెట్టెల్లోకి వెళ్లాయి. అప్పుడు ఫోను మోగింది. లెస్లీ తీశాడు.

"ఫెర్గస్‌ని సార్. పని చెయ్యనివాళ్ల పేర్లన్నీ తీసెయ్యమన్నారు. మేనల్లుణ్ణి తీసేశాను. గడియారం పనిచేసింది గాని ఆయన చెయ్యలేదు కదా. ఇంకొక్క పేరు దగ్గర నా కుంచె ఆగిపోయింది. ఆయన ఏం పని చేశాడని మొదటి రోజు నుంచీ అడుగుతున్నాను, ఎవరూ చెప్పడం లేదు. మీకేమైనా తెలుసా?"

"ఏ పేరు ఫెర్గస్?"

"ఆఖరిది సార్."

లెస్లీ గాజు తలుపులోంచి బయటికి చూశాడు. డోరీన్ గోడకానుకుని కూర్చుని, హిల్డా ఇచ్చిన బేకన్ శాండ్‌విచ్ రెండు చేతులతో పట్టుకుని ఆబగా తింటోంది. ఆ పిల్ల చేత ఆఖరి ఊపిరి దాకా పాడించి క్రేల్ గారు అన్న మాట, "ఆఁ, ఫర్వాలేదు."

"నాకు సంగీతం తప్ప ఏమీ తెలియదు ఫెర్గస్. నీ మనస్సాక్షి ఎలా చెబితే అలా చెయ్యి."

"అది ఎప్పుడో చెప్పేసింది సార్."

ప్రింటు సరిగ్గా మొదటి ఆట రోజున చేరింది. లెస్టర్ స్క్వేర్‌లో హాలు కిటకిటలాడింది. క్రేల్ గారు బాల్కనీ ముందు వరసలో, అటు బ్యాంకు పెద్ద, ఇటు భార్య కూర్చుని ఉండగా, బో టై సవరించుకున్నాడు. పాట సాగింది. ఆఖరి స్వరం లేచింది, లేచి లేచి హాలు పైకప్పుకి తగిలింది, పేలింది. తెర నిండా, ఖాళీ అయిన చోటు కూడా కలుపుకుని, ఒకే ఒక్క పేరు నిలిచింది: 'దంత సంరక్షణ: యూస్టస్ ప్లిమ్మర్'. జనం ఈలలు వేశారు. మూడో వరసలో ఒక ముసలావిడ లేచి నిలబడి కళ్లు తుడుచుకుంది.

ఫెర్గస్ మీద దావా వేస్తానని క్రేల్ లాయరు దగ్గరికి పరుగెత్తాడు. దావాలో తను చేసిన పని ఏమిటో రాయాలని లాయరు చెప్పడంతో ఆ సంగతి అంతటితో ఆగిపోయింది. ఈలోగా పాలవాళ్లు ఆ పాట ఈలవేస్తూ సీసాలు పెట్టి వెళ్తున్నారు. తరవాతి సినిమాకి డోరీన్ కావాలని బ్యాంకే అడిగింది. హల్‌లో ఆమె తండ్రి అటక మీది గంప దించి పక్కింటి వాళ్లకి ఇచ్చేశాడు. వార్త విన్నరోజు డోరీన్ చిన్నపిల్లలా ఏడ్చింది. లెస్లీ కర్టెన్లు మాత్రం ఆకుపచ్చవి వచ్చాయి, అవి అతనికి ఇప్పటికీ నచ్చలేదు.

ఆ చలికాలంలో క్రేల్ గారికి రెండో దవడ కూడా సలపడం మొదలైంది. ప్లిమ్మర్ ఆసుపత్రికి ఫోను చేశాడు. సినిమా చూసినవాళ్లంతా పళ్లు చూపించుకోవడానికి ఎగబడుతున్నారనీ, వేసవి దాకా ఖాళీ లేదనీ అక్కడి అమ్మాయి విచారం వెలిబుచ్చింది. అయినా పేరు చెబితే రాసుకుంటానంది.

క్రేల్ గారు పేరు చెప్పాడు. ఆమె స్పెల్లింగు అడిగింది.