ముందుగా చెప్పడమైనది

ఇకమీదట ఏ ఉద్యోగీ హఠాత్తుగా ఉద్యోగం పోగొట్టుకోడని మా కార్మిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. పోగొట్టుకుంటే, ముందుగా తెలిసే పోగొట్టుకుంటాడు.

ఈ ఆలోచన ఆయనకు పుస్తకాలు చదివితే వచ్చింది కాదు, అనుభవం మీద వచ్చింది. గత ప్రభుత్వంలో తన పదవి పోయిన సంగతి ఆయనకు టీవీ చూస్తే తెలిసింది. అప్పుడాయన గడ్డం గీయించుకుంటున్నారు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉండగా మాజీ అయ్యారు. పదవి పోయినందుకు కాదయ్యా, చెప్పకుండా పోయినందుకు బాధ అని నాతో ఎన్నోసార్లు అన్నారు. అందుకే ఈసారి పదవిలోకి రాగానే, కంపెనీలు ఎవరినైనా తీసెయ్యదలిస్తే ముందుగా చెప్పి తీరాలని రూలు తెచ్చారు. ఎంత ముందుగా అన్నది రూల్లో లేదు. ఎంత ముందైతే అంత మానవత్వం.

ఆ చివరి వాక్యం నాది. నేను మంత్రిగారి ఆఫీసులో ప్రెస్ నోట్లు రాస్తాను.

రూలుకు మొట్టమొదట తల ఒగ్గింది మా తోడల్లుడు పనిచేసే కంపెనీ. ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ కొని బాధపడుతున్నవాళ్ళు ఫోన్ చేస్తే వాళ్ళ గోడు వినే కంపెనీ అది. అక్కడి ఎం.డి. మర్నాడే ఉద్యోగులందర్నీ పెద్ద హాల్లో సమావేశపరిచాడు. మీలో కొందరు వెళ్ళవలసి వస్తుంది, ఎవరు, ఎందరు, ఎప్పుడు అన్నది పరిశీలనలో ఉంది, మంత్రిగారి ఆశయం మేరకు ముందుగా చెబుతున్నాం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారని తర్వాత మా తోడల్లుణ్ణి అడిగితే, ముందు వరసలో ఎవరో మొదలుపెట్టారనీ, కొట్టనివాళ్ళు కనబడిపోతారేమోనని మిగతావాళ్ళు అందుకున్నారనీ చెప్పాడు.

మంత్రిగారు స్వయంగా వెళ్ళి ఎం.డి.ని కావలించుకున్నారు. 'పారదర్శకతకు పట్టాభిషేకం' అని రాశాను. పేపర్లలో బాగానే వచ్చింది.

మా తోడల్లుడి గురించి చెప్పాలి. మా ఆవిడ అక్కగారి భర్త. కంపెనీలో ఆయన్ని నిదానం అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తాడు. ఎవరికీ లొంగని కస్టమర్ల ఫోన్లన్నీ ఆయనకే కలుపుతారు. వాషింగ్ మెషీన్ని బాల్కనీలోంచి కింద పడేస్తానని మొదలుపెట్టినవాడు, పది మాటలయ్యాక తనకు బి.పి. ఉందనీ, కోడలు సరిగ్గా చూడటం లేదనీ చెప్పుకొని, మీరు భోంచేశారా అని అడిగి ఫోన్ పెట్టేసేవాడు. ఇంట్లోనూ అంతే. మా అత్తగారి కూతుళ్ళిద్దరూ మాటామాటా అనుకుంటున్నప్పుడు ఆయన వచ్చి ఊరికే కూర్చుంటే చాలు, గొడవ పాలపొంగు మీద నీళ్ళు చల్లినట్టు దిగిపోయేది.

అటువంటి మనిషి కాబట్టి మొదట్లో ఏమీ అనలేదు. చెప్పి తీసేస్తామంటున్నారు, మంచిదేగా తమ్ముడూ అన్నాడు. నేను ఆ మాట మంత్రిగారికి చేరవేశాను. ఆయన సంతోషించారు.

వారాలు గడిచాయి. పరిశీలన సాగుతూనే ఉంది. ఎం.డి. అప్పుడప్పుడు అందర్నీ పిలిచి, పరిశీలన ఇంకా పూర్తి కాలేదని కూడా ముందుగానే చెబుతున్నాడు. చెప్పడంలో ఆయన ఏ లోటూ చేయలేదు.

నిదానం ఆఫీసుకు తొందరగా వెళ్ళడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంటికి ఆలస్యంగా రావడం. హెచ్.ఆర్. మేడమ్ లిఫ్టులో నవ్విందంటే జాలిపడి నవ్విందా అని ఆలోచించేవాడు. నవ్వకపోతే మొహం చూపించలేక నవ్వలేదా అని ఆలోచించేవాడు. ఆయన కుర్చీకి ఒక చక్రం విరిగితే కొత్త కుర్చీ ఇచ్చారు. ఉంచుకోదలిచారు కాబట్టి ఇచ్చారని ఒకరోజు ఆనందపడ్డాడు. వెళ్ళిపోయేవాడికి చివరి మర్యాద అని మరునాడు దిగులుపడ్డాడు. వాచ్‌మన్ ఐడీ కార్డు చూపించమంటే చెమటలు పట్టాయట. వాచ్‌మన్ రోజూ అడుగుతాడు.

ఇంట్లో కూడా మార్పు వచ్చింది. ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని స్నానానికి వెళ్ళేవాడు. పన్ను నొప్పికి డాక్టరు పీకించుకోమంటే, ముందు అక్కడ తేలనీ అన్నాడు. కూతురు పిల్లిపిల్లను తెచ్చుకుంటానంది. తేలనీ అన్నాడు. మా అత్తగారు గుమ్మంలోంచి, ఈ పూట కూరేం చెయ్యమంటారు అల్లుడుగారూ అని అడిగితే, అది కూడా పైనుంచి రావాలన్నట్టు చూశాడు. రానురాను ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం మానేశారు. నేనొకసారి వెళితే నలుగురూ నాలుగు కుర్చీల్లో బస్సుకోసం కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు.

కంపెనీలో ఒక విశేషం జరిగింది. ఒకావిడ ఫోన్ చేసి, ఫ్రిజ్ బాగవుతుందో లేదో ఏదో ఒకటి చెప్పండి బాబూ, బాగుకాదంటే కొత్తది కొనుక్కుంటాను, ఇలా మధ్యలో వేలాడదీస్తే ఎలా అని అడిగింది. నిదానం ఫోన్లోనే ఏడ్చేశాడు. ఆవిడ కంగారుపడి, పోనీలెండి, అంత అర్జెంటేం కాదు, పాలు పక్కింట్లో పెట్టుకుంటున్నాం అని చాలాసేపు ఓదార్చింది. ఈ కాల్ రికార్డయింది. కస్టమర్ బాధను తన బాధగా భావించడం ఎలాగో తెలియడానికి కంపెనీ దాన్ని అందరికీ వినిపించి, నిదానం చేత నిలబడి నమస్కారం పెట్టించింది.

నిదానం భార్య, అంటే మా వదిన, స్కూల్లో డ్రాయింగ్ టీచరు. స్కూలు మధ్యలో వదిలేసి ఒకనాడు మా ఇంటికి వచ్చింది. చేతికి ఇంకా రంగు ఉంది. కాఫీ కూడా ముట్టుకోలేదు.

"మరిదిగారూ, మీ సార్‌తో ఒక్క మాట చెప్పండి. ఉంచితే ఉంచమనండి, తీసేస్తే తీసెయ్యమనండి. నా జీతంతో నెట్టుకొస్తాను. నాకు మనిషి కావాలి."

ఉద్యోగం పోకుండా చూడమని అడిగేవాళ్ళనే నేను చూశాను. ఆవిడ అడుగుతున్నది నాకు అర్థం కాలేదు. అయినా మంత్రిగారి చెవిన వేశాను. ముందుగా చెప్పినా బాధేనా అని ఆయన ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యంలోంచి తేరుకొని, కంపెనీకొక మనసు డాక్టర్ని పంపమని ఆజ్ఞాపించారు.

డాక్టరు వచ్చి ఒక గదిలో కూర్చున్నాడు. మొదటి వారం ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళినవాడు బలహీనుడని రాసుకుంటారని అందరికీ అనుమానం. రెండో వారం, వెళ్ళనివాడు సహకరించడం లేదని రాసుకుంటారన్న అనుమానం పుట్టి అందరూ వెళ్ళారు. వెళ్ళి, తాము చాలా సంతోషంగా ఉన్నామని చెప్పారు. ఇంత సంతోషంగా ఉన్న కంపెనీని తన సర్వీసులో చూడలేదని డాక్టరు రిపోర్టిచ్చాడు. 'ఉద్యోగుల మానసిక ఆరోగ్యం నూటికి నూరు' అని రాశాను.

ఈలోగా జనం పల్చబడుతున్నారు. ఒకాయన సొంతూరు వెళ్ళిపోయాడు. ఒకమ్మాయి లీవులో వెళ్ళి మళ్ళీ రాలేదు. ఒకాయన ఫోన్లో కస్టమర్ 'హలో' అనగానే భయపడుతున్నానని రాజీనామా ఇచ్చాడు. ఎం.డి. అందరి పేరా వీడ్కోలు కేకు కోయించాడు.

నిదానం రాజీనామా ఇవ్వలేదు. తిన్నగా ఎం.డి. గదిలోకి వెళ్ళి, నన్ను తీసెయ్యండి సార్ అన్నాడట. పరిశీలన పూర్తికాకుండా అలా తీసెయ్యడం మిగతావాళ్ళకు అన్యాయమవుతుందని ఎం.డి. ఓపిగ్గా నచ్చజెప్పాడు. నిదానం కదల్లేదు. సాయంత్రం దాకా ఆ గదిలోనే నిలబడ్డాడు. ఎవరెంత అరిచినా నిదానంగా ఉండే మనిషి, నిదానంగా నిలబడితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మర్నాడు పిలిచి తీసేశారు.

మేమంతా గాభరాగా వాళ్ళింటికి పరుగెత్తాం. ఆయన పడుకొని ఉన్నాడు. వదిన తలుపు దగ్గరే వేలు పెదవుల మీద పెట్టి, మమ్మల్ని చెప్పులు చేత్తో పట్టుకొని నడవమంది. ఆ మధ్యాహ్నం పడుకున్నవాడు మర్నాడు పొద్దెక్కాక లేచాడు. లేచి, ఆకలేస్తోందన్నాడు. మా అత్తగారు ఆ మాటకు కళ్ళు తుడుచుకుంది.

వారంలో పన్ను పీకించుకున్నాడు. పిల్లిపిల్ల వచ్చింది. వాళ్ళ వీధి చివర ఫ్రిజ్జులు బాగుచేసే ముసలాయన షాపులో, వచ్చినవాళ్ళతో మాట్లాడే పనికి కుదిరాడు. జీతం సగమే. కానీ ఆ ముసలాయన మొదటిరోజే తేల్చేశాడు: నేను బతికున్నన్నాళ్ళూ ఉండు, పోయాక నీ దారి నువ్వు చూసుకో. ఇంతకంటే స్పష్టమైన మాట ఈ మధ్య ఎవరూ అనలేదని నిదానం మురిసిపోయాడు.

నేను షాపుకు వెళితే ఒక పాత ఫ్రిజ్ మీద మోచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు.

"పన్ను పీకించుకున్నట్టుంది తమ్ముడూ," అన్నాడు. "పీకినప్పుడు నొప్పే. కాదనను. కానీ ఇన్నాళ్ళూ పీకుతారని నోరు తెరుచుకొని కూర్చున్నాను చూడు, అదీ నొప్పంటే."

కంపెనీలో మిగిలినవాళ్ళు భోజనాల వేళ ఇద్దరేసి ముగ్గురేసి వచ్చి ఆయన్ని చూసిపోయేవారట. పురిటి బిడ్డను చూసినట్టు చూసి, తీసేశాం అన్నప్పుడు ఎలా అనిపించిందండీ అని గొంతు తగ్గించి అడిగేవారు. ఒకావిడ ఆయన చెయ్యి కాసేపు పట్టుకొని కూర్చుంది.

అప్పుడే రూలుకు ఏడాది నిండబోతోంది. పెద్ద సభ పెట్టాలని మంత్రిగారు నిశ్చయించారు. ఎం.డి. తన కంపెనీ లెక్క పంపాడు. తీసివేతలు: ఒకటి. మిగతావాళ్ళు తమంతట తాము మానేశారు కాబట్టి లెక్కలోకి రారు. మంత్రిగారు ఆ ఒకటి వైపు చాలాసేపు చూశారు.

"ఈ ఒక్కడూ లేకపోతే సున్నా కదయ్యా," అన్నారు. "ఎవరితను?"

మా తోడల్లుడని చెప్పాను. ఆయన లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేశారు. నా దగ్గర పనిచేస్తూ ఇంత బాధ కడుపులో దాచుకున్నావా అన్నారు. ఆయన బాధలో లేడని చెప్పబోయాను. అప్పటికే ఫోన్ ఎం.డి.కి కలిసింది. తీసివేత వెనక్కి తీసుకోబడింది. సభలో మంత్రిగారే స్వయంగా ఐడీ కార్డు మెడలో వేస్తారు. 'మంత్రి చొరవతో వీధినపడ్డ ఉద్యోగికి పునర్జన్మ' అని ఆ రోజే ప్రెస్ నోట్ ఇచ్చాను. ఫొటోతో సహా వచ్చింది.

ఆ పేపరు షాపు ముసలాయన చదివాడు. నిదానం రాగానే లేచి నిలబడి, తన కుర్చీ వేశాడట. మంత్రిగారంతటివారు పిలిచి ఉద్యోగమిస్తుంటే నా బోటివాడు అడ్డుపడటం పాపం, నీ పనికి ఇందాకే మా మేనల్లుణ్ణి రమ్మన్నాను అన్నాడు. నిదానం ఎంత చెప్పినా ఆయన వినలేదు. మంత్రుల జోలికి వెళ్ళే వయసు కాదు నాది, నన్ను వదిలెయ్యి నాయనా అని చేతులు జోడించాడు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. హాలు నిండింది. కంపెనీలో మిగిలిన ఉద్యోగులంతా యూనిఫారం టై కట్టుకొని వచ్చారు. వదిన రెండో వరసలో కూర్చుంది. మా ఆవిడ నా పక్కన కూర్చోకుండా వెళ్ళి వాళ్ళక్క పక్కన కూర్చుంది. స్టేజి ఎక్కేముందు నిదానం ఎం.డి.ని పక్కకు పిలిచి, ఇప్పుడు నేను ఉన్నట్టేనా సార్ అని అడగడం నేను విన్నాను. తీసివేత వెనక్కి తీసుకున్నాం కాబట్టి మీరు మళ్ళీ అందరిలాగే పరిశీలనలో ఉన్నట్టు అని ఎం.డి. ఆయన చెయ్యి ఊపి అభినందించాడు.

మంత్రిగారు కార్డు మెడలో వేశారు. సున్నా అన్న మాట మైకులో మూడుసార్లు పలికారు. చప్పట్లు ఆగాక, ఆనందంగా రెండు మాటలు చెప్పమని నిదానం చేతికి మైకిచ్చారు.

నిదానం మైకును చెవికీ నోటికీ మధ్య పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న జనాన్ని చూశాడు. ఎంతో మెత్తగా, ఎంతో మర్యాదగా, వేల ఫోన్లలో అరిగిన గొంతుతో అన్నాడు.

"మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి."

అని ఊరుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన హాస్యమాడటం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. మైకు అలాగే పట్టుకొని నిలబడ్డాడు. హాలంతా ఫ్యాన్ల చప్పుడు. ఉద్యోగులు ఒక్కరు కూడా కదల్లేదు, దగ్గలేదు, గడియారం చూసుకోలేదు. మంత్రిగారు ఫొటోల కోసం నవ్వుతూ నిలబడ్డారు. ఆ నవ్వు కొంతసేపటికి బరువెక్కింది. పెదవులు కదపకుండా నన్ను దగ్గరకు పిలిచారు.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"తెలియదు సార్. ఆయనేమీ చెప్పలేదు," అన్నాను.