గచ్చకాయల సర్క్యులరు

బడికి పంతుళ్లు కావాలని ఎవరైనా అంటే నమ్మకండి! పిల్లలకి కావలసినవి మూడు బంతులు. వాటిని వరసగా ఎగరేసి కింద పడకుండా పట్టుకోవడం వస్తే చాలు, లెక్కలూ వ్యాకరణమూ వాటంతటవే దారికొస్తాయి. ఈ సత్యాన్ని రుజువు చేసిన ఘనత చోడవరంలో చెరకు తోటల అంచున ఉన్న ఒక ఎలిమెంటరీ బడిది. స్వరాజ్యం వచ్చి ఎనిమిదేళ్లయినా ఈ సంగతి దేశానికి తెలియలేదంటే అది మన పత్రికల అశ్రద్ధ కాక మరేమిటి?

ఆ బడి పంతులమ్మ పేరు రూతమ్మ. తరగతులు అయిదు, పంతులమ్మ ఒకర్తే. ఆవిడ ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి కిటికీలోంచి దూకి పోయేది. వాళ్లని పట్టుకొచ్చేసరికి రెండో తరగతి పలకలతో యుద్ధం చేసేది. వారమంతా అరిచి అరిచి, ఆదివారం చర్చిలో పాట అందుకుందామంటే పాపం ఆవిడకి గొంతు పెగిలేది కాదు.

అందుకని రెండో టీచరుని ఇప్పించండి మహాప్రభో అని మూడేళ్లలో ఎనిమిది అర్జీలు పెట్టుకుంది. "మగవారైనా సరే, ఆడవారైనా సరే, గొంతున్న మనిషైతే చాలు" అని ఎనిమిదో దాంట్లో రాసింది కూడా! ఆవిడ భయం ఒక్కటే. పై తరగతుల్లో చదువు సాగడం లేదని తెలిస్తే ఇంట్లోవాళ్లు పిల్లల్ని బెల్లం గానుగల దగ్గరికి పంపేస్తారు. చెరకు ఆడే రోజుల్లో అటు వెళ్లిన పిల్లలు మళ్లీ బడి మొహం చూడరు.

ఎనిమిదో అర్జీ పెట్టిన రెండు నెలలకి పై ఆఫీసు నుంచి లావుపాటి కవరు వచ్చింది. రూతమ్మ ప్రార్థన చేసుకుని మరీ చింపింది.

లోపల టీచరు లేడు, సర్క్యులరు ఉంది. "మూడు బంతులను ఏకకాలమున ఎగురవేసి పట్టుకొనుట వలన బాలబాలికలలో ఆత్మవిశ్వాసము, పట్టుదల పెంపొందునని నిపుణులు తేల్చియున్నారు. కావున ప్రతి పాఠశాలయందు దినమునకొక గంట ఈ అభ్యాసము జరుపవలెను. బంతులు సరఫరా చేయబడవు. స్థానికముగా దొరకు గుండ్రని వస్తువులు వాడుకొనవలెను. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు స్వయముగా వచ్చి పరీక్షింతురు."

చదివి ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. అయితే చివరి వాక్యం దగ్గర చూపు ఆగింది. ఇన్‌స్పెక్టరు వస్తాడు! పిల్లలు బాగా ఎగరేస్తే సంతోషిస్తాడు. సంతోషంగా ఉన్న ఆఫీసరుని రెండో టీచరుని అడగడం తేలిక కదా?

ఇంక గుండ్రని వస్తువుల వేట మొదలైంది. నిమ్మకాయలు తెమ్మంటే ఊరగాయ జాడీలు అడ్డొచ్చాయి. వెలగకాయలు తెస్తే మొదటి గంటలోనే మూడు ముక్కులు వాచాయి. బెల్లం ఉండలు మాత్రం కావలసినన్ని వచ్చాయి. కానీ వాటితో ఒక చిక్కుంది. పైకి మూడు వెళితే కిందికి రెండే దిగేవి! బడి హాజరు అమాంతం పెరిగింది, చీమలతో కలిపి లెక్కేస్తే.

అప్పుడు రూతమ్మకి తన బల్ల సొరుగు గుర్తొచ్చింది. దాన్నిండా గచ్చకాయలే. ఆడపిల్లలు అరుగుల మీద కూచుని ఎగరేసి ఆడుకునే ఆ నున్నటి బూడిదరంగు గింజల్ని బడిలో ఆడుతున్నారని ఆవిడే లాక్కుని దాచింది. అందులో ముప్పాతిక వంతు నాలుగో తరగతి అప్పలనరసమ్మ దగ్గర లాక్కున్నవే. ఆ పిల్ల ఈ నేరానికి వేసినన్ని గోడకుర్చీలు ఆ బడిలో మరెవరూ వేయలేదు. అంతటి దోషిని రూతమ్మ ఇప్పుడు పిలిచి, సొరుగు తెరిచి, "అందరికీ నేర్పవే తల్లీ" అంది.

మర్నాడే ఆ పిల్ల నాయనమ్మ సన్యాసమ్మ బడి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏటి పంతులమ్మా! నిన్నటిదాకా గచ్చకాయలాడితంటే నా మనవరాలిసేత గోడకుర్సీ ఏయించేవు. ఇయ్యాల ఆడ్డం రాని గుంటలసేత ఏయిస్తన్నావట. సదువు మారిపోనాదేటి?"

"పైనుంచి ఆర్డరు వచ్చిందమ్మా."

"ఆ ఆర్డరేదో నాలుగు నెల్లు ముందొచ్చుంటే దీని మోకాళ్లు మిగిలేవి కదమ్మా!"

ఎగతాళి పక్కన పెట్టి నిజం చెప్పుకుందాం. అప్పలనరసమ్మ అంతకు ముందు నోరు విప్పి ఎరగదు. పాఠం అప్పజెప్పమంటే కాలి బొటనవేలితో నేలకి చెప్పుకునేది. అలాంటి పిల్ల ఇప్పుడు అయిదో తరగతి మగపిల్లల్ని వరసలో నిలబెట్టి, "ఒరే, సేతులు సూడకు, కాయల్ని సూడు! పడిపోతే పడిపోనీ, మళ్లీ తీసి ఎయ్యి!" అని దబాయిస్తోంది. నాలుగో తరగతి కిటికీలోంచి దూకడం మానేసింది. రూతమ్మకే ఆశ్చర్యమేసింది. సర్క్యులరు రాసిన మహానుభావుడు ఎవరో గాని, మనిషి తెలివైనవాడే అనుకుంది.

ఇన్‌స్పెక్టరు సత్యారావుగారు రానే వచ్చారు. కుర్చీ వేశారు. పిల్లలు మూడేసి కాయలు ఎగరేశారు, పట్టుకున్నారు. ఆయన మురిసిపోయి అప్పలనరసమ్మని ముందుకి పిలిచారు.

"ఏదమ్మా, అయిదు ఎగరెయ్యి చూద్దాం!"

ఎగరేసింది. మూడు చేతికొచ్చాయి. రెండు కిందపడి దొర్లుకుంటూ ఆయన కుర్చీ కిందికి పోయాయి.

మునుపటి పిల్లయితే అక్కడే ఏడ్చేసేది. ఈ పిల్ల వంగి ఆ రెండూ ఏరుకుని, ఆయన మొహంలోకి చూసి, "రెండు సేతులకి మూడే ఆగుతన్నాయి బాబూ" అంది. "మా పంతులమ్మకీ రెండు సేతులే. అయిదు తరగతులిచ్చేరు. మా నాలుగో తరగతీ, ఆ అయిదోదీ రోజూ కిందే పడిపోతన్నాయి. ఇంకో పంతుల్ని పంపించండి బాబూ."

 ఎనిమిది అర్జీల్లో రూతమ్మ చెప్పలేకపోయిన మాట ఈ పిల్ల నాలుగు ముక్కల్లో చెప్పేసింది!

"శభాష్! ఇదీ ఆత్మవిశ్వాసమంటే!" అని ఇన్‌స్పెక్టరుగారు పిల్ల భుజం తట్టారు. ఆ మాటలన్నీ నోటుబుక్కులో పొల్లుపోకుండా రాసుకున్నారు. ఆయన బస్సెక్కేదాకా రూతమ్మ చేతులు కట్టుకుని రోడ్డు మీదే నిలబడింది. ఆ వారం చర్చిలో ఆవిడ పాట చివరి వరసదాకా వినిపించింది.

నెల తిరగకుండా ఆర్డరు వచ్చింది. మన ఆఫీసుల్లో పని జరగదని ఎవరండీ అనేది?

"రెండు చేతులకు మూడింటికంటె హెచ్చు నిలువవని సదరు పాఠశాల విద్యార్థినియే ఇన్‌స్పెక్టరుగారి సమక్షమున ప్రయోగపూర్వకముగా రుజువు చేసినందున, సదరు పాఠశాలలో నాలుగు, అయిదు తరగతులు ఇందుమూలముగా రద్దు చేయడమైనది."

చూశారా ఎంత తేలికైన లెక్కో! అయిదులోంచి రెండు తీసేస్తే మూడు. ఎనిమిది అర్జీలు రాసిన రూతమ్మకి ఒక్కసారైనా తట్టిందా?

పై తరగతుల పిల్లలు ఒక్కొక్కరే గానుగల దారి పట్టారు. అప్పలనరసమ్మ మాత్రం రోజూ వచ్చి మూడో తరగతి వెనకాల కూచుంటోంది. రిజిస్టరులో పేరు లేదు. రూతమ్మ వెళ్లమనడమూ లేదు. మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయాక ఆ పిల్ల గోడవారన నిలబడి గచ్చకాయలు ఎగరేస్తోంది. మూడు కాదు, అయిదు! నాలుగు ఆగుతున్నాయి. అయిదోది జారిపోతోంది.

"ఇంకా ఎందుకే? ఇన్‌స్పెక్టరుగారు మళ్లీ రారు" అంది రూతమ్మ ఒకరోజు ఉండబట్టలేక.

"నేనే తప్పు సెప్పేసేను పంతులమ్మా. మూడే ఆగుతాయన్నాను. అయిదూ ఆగితే మా తరగతులు మళ్లీ ఇచ్చేస్తారు కదా?"

 జారి దొర్లిన అయిదో కాయని రూతమ్మ వంగి తీసి, ఆ పిల్ల అరచేతిలో పెట్టి, తొమ్మిదో అర్జీ రాయడానికి లోపలికి వెళ్లింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సర్క్యులరు అక్షరాలా ఫలించింది. ఆ పిల్లకి ఆత్మవిశ్వాసం వచ్చింది, పట్టుదలా వచ్చింది. కూచోడానికి తరగతి ఒక్కటే లేదు.