ఒంటి తుమ్ము

ఆ రోజు పొద్దున శివరామకృష్ణ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి రైల్వే ఆఫీసరు వస్తాడు. ఆ వేళకే జయకుమారి టీచరు బడిపిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంది. పిల్లల సందడి చూసి ఆఫీసరు సంతోషిస్తాడు, రిబ్బను కత్తిరిస్తాడు, మ్యూజియం నాలుగు కాలాలపాటు నిలిచేట్టు నాలుగు మంచి మాటలు చెప్పి, కోటిరత్నం చేసిన గారెలు తిని పోతాడు. అంతే. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంది?

మ్యూజియం అంటే మరేం కాదు, ఆ ఊరి పాత స్టేషను. నల్లపాడుకూ వినుకొండకూ మధ్య మీటరుగేజి బళ్ళు తిరిగినన్నాళ్ళూ వెలిగిన కట్టడం. తెల్లదొరల నాటి రాతి గోడలు. పెద్ద లైను పడ్డాక పక్కనే కొత్త స్టేషను లేచింది. పాతదాన్ని మేకలకూ పేకాటరాయుళ్ళకూ వదిలేశారు. సైన్సు చెప్పి చెప్పి రిటైరైన శివరామకృష్ణ మాస్టారు రైల్వేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి దాన్ని ఒక్క ఏడాదికి అడిగి పుచ్చుకున్నాడు. మేకల్ని తోలాడు, పేకాటవాళ్ళని బతిమాలాడు, "ఇంటిల్లిపాదికీ సైన్సు మ్యూజియం" అని బోర్డు కట్టాడు. వెయిటింగు రూములో వంకర అద్దాలు, పార్సిలు కాటా మీద తూకాల ఆట, స్టేషను మాస్టరు గదిలో గాలి బంతి. టిక్కెట్ల కిటికీ వెనక ఆయన భార్య కోటిరత్నం.

ఏడాది గడిచింది గానీ జనం రాలేదు. వచ్చిన నలుగురూ కిటికీలో చెయ్యి పెట్టి "నర్సరావుపేటకి రెండు" అని అడిగి, ఇక్కడ బండి ఆగదంటే తిట్టిపోయేవాళ్ళు. ఇవాళ ఆఫీసరు వచ్చి ఉంచమంటే ఉంచాలి, ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి. ఎవరో మిరపకాయల వ్యాపారి ఈ కట్టడాన్ని గోడౌనుకి అడుగుతున్నాడని ఊళ్ళో గుసగుస. మాస్టారు నమ్మలేదు.

"ఇంత చక్కటి స్టేషన్ని బుద్ధున్నవాడెవడన్నా గోడౌను చేస్తాడటే?" అన్నాడు భార్యతో.

"బుద్ధున్నవాడెవడన్నా మ్యూజియం చేస్తాడా అని ఊరంతా అడుగుతున్నారు," అందావిడ.

ఏడింటికి వెళ్ళి తాళం తియ్యబోతే తాళం అప్పటికే తీసుంది. తలుపు తోస్తే కదల్లేదు. భుజం ఆనించి నెట్టేసరికి సందులోంచి ఎండుమిరపకాయలు జలజలా జారి ఆయన కాళ్ళ మీద పడ్డాయి.

"ఎవర్రా లోపల?"

మిరపకాయల గుట్ట వెనక నుంచి తువ్వాలు విదిలించుకుంటూ బుల్లయ్య లేచాడు. బుల్లయ్య కోటిరత్నానికి తమ్ముడు, మిరప రైతు. పాత స్టేషను ప్లాట్‌ఫారమే అతనికి కళ్ళం. కాయ ఆరబోయడానికి అంత చదునైన నేల ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

"అరవమాక బావా. తెల్లారుజామున మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలినయ్. కాయ తడిస్తే తెల్లబడి తాలైపోద్ది. అక్క రెండో తాళంచెవి ఇస్తే లోపలికి ఎత్తిపోశా."

"ఇవాళ ఆఫీసరొస్తున్నాడని తెలీదట్రా నీకు?"

"ఆఫీసరు మళ్ళీ ఏడూ వస్తాడు. ఈ కాయ మళ్ళీ వస్తదా?"

మాస్టారు తన వెనకే వచ్చిన భార్య వంక చూశాడు. "తోడబుట్టినవాడి కాయ తడిసిపోతుంటే చూస్తూ కూచోనా?" అంటూ కోటిరత్నం కొంగు బిగించి చీపురందుకుంది.

ఎండ వచ్చింది. ముగ్గురూ కలిసి కాయంతా తట్టలకెత్తి మళ్ళీ ప్లాట్‌ఫారం చివరికి మోశారు. కాయ పోయింది గానీ, ప్రతి గదిలో గింజా పొట్టూ దుమ్మూ మిగిలాయి. ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ ఆఖరుకి స్టేషను మాస్టరు గదికి వచ్చేసరికి బయట జీపు చప్పుడైంది. పెళ్ళివారొచ్చే వేళకి చెత్తని మంచం కిందికి తోసినట్టు, కోటిరత్నం ఆ ఎర్ర దుమ్మంతా గాలి బంతి మిషను వెనక్కి తోసేసి, చీపురు దాచి, నవ్వుమొహం పెట్టుకుని నిలబడింది.

ఆ మిషను సంగతి ఒక ముక్క చెప్పాలి. చిలకలూరిపేటలో మూతపడ్డ ఓ జిన్నింగు మిల్లులో పాత ఇనుము కింద కొన్న ఫ్యాను అది. పత్తిని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊదడానికి పుట్టింది. వెనక నుంచి పీల్చి ముందు నుంచి ఊదుతుంది. మాస్టారు దాని మూతి పైకి తిప్పి, మీద ప్లాస్టిక్ బంతి పెట్టాడు. స్విచ్చి వేస్తే బంతి గాల్లో నిలబడుతుంది. అది చూస్తే పిల్లలకి చప్పట్లు కొట్టడం తప్ప ఇంకేం తోచదు.

ఆఫీసరు జీపులోంచి ముందు కుడికాలు చూసుకుని, అది నేల మీద ఆనాకే ఎడమకాలు దించాడు. వెంట తెల్లచొక్కా ఆయన ఒకడు దిగాడు. ఎవరని మాస్టారు అడగలేదు. వచ్చినవాడు ఎవరైనా ఆయనకి సందర్శకుడే.

తెల్లచొక్కా ఆయన వంకర అద్దాల వంక చూడలేదు. గోడల్ని వేలి కణుపులతో కొట్టి చూశాడు.

"గట్టి గోడలే. చెమ్మ ఎక్కుద్దా?"

"ఒక్క చుక్క ఎక్కదండీ! సున్నపు గచ్చు," అన్నాడు మాస్టారు మురిసిపోయి.

"ఈ గది ఎంత పడుద్ది?"

మాస్టారి ఒళ్ళు పులకరించింది. ఏడాది మొత్తంలో ఘనపరిమాణం గురించి అడిగిన మొదటి మనిషి. సుద్దముక్క తీసి, పొడవూ వెడల్పూ ఎత్తూ గోడ మీదే రాసి గుణించి చూపించాడు.

"అట్టా కాదు మాస్టారూ. బస్తాల్లో చెప్పండి."

"భలే అడిగారండీ! పిల్లలకి ఇలాగే చెప్పాలి!" అని బస్తా కొలత కనుక్కుని ఒక్కో గదికీ ఎన్నెన్ని పడతాయో లెక్క కట్టాడు. తెల్లచొక్కా ఆయన మొహం వెలిగింది. ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు తలూపాడు. ఇక మన పని అయినట్టే అనుకున్నాడు మాస్టారు.

జయకుమారి టీచరు వెంట వచ్చిన పిల్లలందరూ స్టేషను మాస్టరు గదిలో గాలి బంతి చుట్టూ కూర్చున్నారు. పెద్దమనిషెవరూ రాక ఏడాదిగా ఆగిపోయిన ప్రారంభోత్సవం కోసం గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పెద్దవాళ్ళు దాని కింద నుంచి వంగి లోపలికి వెళ్ళారు. బయటికొస్తూ కత్తిరించాలని ఏర్పాటు. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"ఈ కట్టడం విషయంలో మా ఆఫీసు ఒక నిర్ణయానికొచ్చింది. అదేమిటంటే..."

"హాచ్!"

ముందు వరసలో పిల్లాడు. ఆఫీసరు తేలు కుట్టినట్టు ఆగిపోయాడు.

"ఒంటి తుమ్ము," అని కుర్చీలో కూలబడ్డాడు. "కాసేపు ఆగాలి. మంచినీళ్ళు తెప్పించండి."

తుమ్ముకీ శకునానికీ సంబంధం లేదని ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పిన శివరామకృష్ణ మాస్టారు అందరికన్నా ముందు నీళ్ళకి పరిగెత్తాడు. శకునం అబద్ధమే. ఆఫీసరు నిజం కదా.

నీళ్ళు తాగి ఆఫీసరు మళ్ళీ లేచాడు. "ఆ నిర్ణయం..."

"హాచ్!" ఈసారి కోటిరత్నం.

"రెండయినయ్ కదండీ!" అన్నాడు మాస్టారు ఆశగా. "జంట తుమ్ములు శుభం."

"ఒక మనిషే రెండు తుమ్మితే జంట. పిల్లాడిదొకటీ మీ ఆవిడదొకటీ కలిపితే రెండు ఒంటి తుమ్ములు," అన్నాడు ఆఫీసరు రూలు చదివినట్టు, కూర్చుంటూ.

జయకుమారి టీచరు కల్పించుకుంది. "మా చర్చిలో ఈ పట్టింపులు లేవు సార్. తుమ్మొస్తే స్తోత్రం అనుకుని పని కానిచ్చేస్తాం. హాచ్! స్తోత్రం."

ఆఫీసరు మూడో గ్లాసు అందుకున్నాడు. మాస్టారికి చెమటలు పట్టాయి. నోటిదాకా వచ్చిన మంచి మాటని ముక్కులు అడ్డుకుంటున్నాయి! "టీచరమ్మా, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి, చెట్టు కింద కూచోబెట్టండి," అన్నాడు. భార్యని టిక్కెట్ల కిటికీ దగ్గరికి పొమ్మన్నాడు. "ఒక్క తుమ్ము వినపడితే ఊరుకోను!" అని అందరికీ వేలు చూపించాడు. గది ఖాళీ అయింది. ఆఫీసరూ, తెల్లచొక్కా ఆయనా, తనూ మిగిలారు.

చిత్రమేమిటంటే, ఇంత ఘాటులోనూ తెల్లచొక్కా ఆయన పూలతోటలో ఉన్నట్టు హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు. వంగి నేల మీద నుంచి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "ఇంకో రెండెండలు తగలాలి," అన్నాడు తనలో తాను.

కిటికీ చువ్వల్లోంచి బుల్లయ్య తల కనిపించింది. "బావా! ఇట్రా!"

"ఇప్పుడు కాదు పోరా!"

"రమ్మంటే రా. ఆ తెల్లచొక్కా ఎవరో తెలుసా? గుంటూరు మిర్చి యార్డులో కొట్టు ఆయనది. పోయినేడు నా కాయ ఆయనకే వేశా. గోడౌను కోసం తిరుగుతోంది ఆయనే!"

మాస్టారు కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"ఒరే బుల్లయ్యా, బస్తాల లెక్క నేనే కట్టిచ్చానురా!"

"బాగుంది బావా. మోసే కూలీలు కావాలేమో కూడా అడుగు."

అప్పుడు తెలిసొచ్చింది మాస్టారికి, ఆఫీసరు నోట్లో ఉన్న మాట ఏమిటో, దాన్ని ఇంతసేపూ ఆపింది ఏమిటో. తనని కాపాడుతున్న ముక్కులన్నిటినీ తనే చెట్టు కిందికి పంపించాడు. ఇప్పుడొక తుమ్ము కావాలి. ఒక్కటంటే ఒక్కటి.

ఆఫీసరు లేచాడు. అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు ప్రశాంతంగా ఉంది."

మాస్టారు తువ్వాలు కొస మెలిపెట్టి ముక్కులో దూర్చుకున్నాడు. రాలేదు. ఎండ వంక చూశాడు. రాలేదు. ముప్ఫయ్యేళ్ళు సుద్దపొడి పీల్చిన ముక్కు అది, దేనికీ లొంగదు. "సార్, ముందు గాలి బంతి చూడండి సార్!" అని పరిగెత్తి స్విచ్చి నొక్కాడు. ఫ్యాను కదల్లేదు. కరెంటు కోత.

"అవన్నీ తర్వాత," అన్నాడు ఆఫీసరు. "ఈ కట్టడాన్ని ఇకమీదట మేము..."

కరెంటు వచ్చింది.

ఫ్యాను ఒక్కసారి మూలిగి, వెనక కోటిరత్నం దాచిందంతా పీల్చుకుంది. ముందు బంతి లేచింది. బంతి వెనకే ఎర్రటి మబ్బు లేచింది. ఆ తర్వాత గదిలో వచ్చిన తుమ్ములు ఒంటివో జంటవో లెక్కపెట్టే స్థితిలో ఆఫీసరు లేడు. ఇరవయ్యేళ్ళు యార్డులో తిరిగినా తుమ్మెరగని తెల్లచొక్కా ఆయన గోడ పట్టుకుని, తను గట్టివన్న ఆ గోడకే తల ఆనించి తుమ్మాడు. ఆఫీసరు కళ్ళు మూసుకుని గుమ్మం వైపు పరిగెత్తాడు. రిబ్బను ఆయన పొట్టకి తగిలి ఫట్టుమని తెగింది. మ్యూజియానికి ప్రారంభోత్సవం అలా జరిగింది.

కిటికీల్లోంచి ఎర్రగా పొగలా వస్తుంటే కొత్త స్టేషన్లో బండి కోసం నిలబడ్డవాళ్ళు చూశారు. "పాత స్టేషను అంటుకుందిరోయ్!" అని ఒకడు కేకేశాడు. బుల్లయ్య కాయ ఏరడానికొచ్చిన ఆడవాళ్ళు బిందెలతో, ప్రయాణికులు నీళ్ళ సీసాలతో పరిగెత్తుకొచ్చారు. వచ్చి చూస్తే మంట లేదు. గాల్లో బంతి ఒకటి ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఉంది. దాని చుట్టూ మిరపగింజలు గిరగిరా తిరుగుతున్నాయి. చెట్టు కింది నుంచి పరిగెత్తుకొచ్చిన పిల్లలు ఒక కంటితో ఏడుస్తూ, తుమ్ముతూ, పడీపడీ నవ్వుతున్నారు. "అదెట్టా నిలబడిందిరా?" అని ఒకడు లోపలికి దూరాడు. తుమ్ముతూ బయటికొచ్చి మళ్ళీ దూరాడు. వాడి వెనక పెళ్ళాం పిల్లలు. అవతల బండి వచ్చింది, పోయింది. ఎక్కాల్సినవాళ్ళలో సగం మంది ఇక్కడే ఉన్నారు.

ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆఫీసరు మొహానికి కోటిరత్నం మజ్జిగ పోస్తోంది. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పరీక్షలో తప్పిన పిల్లాడిలా.

ఆఫీసరు ఒక కన్ను తెరిచి ముందు తెల్లచొక్కా ఆయన్ని వెతుక్కున్నాడు.

"ఏమయ్యా, గోడౌనూ లేదు గీడౌనూ లేదు. గుప్పెడు దుమ్ముకే ఇట్లా ఉంటే, బస్తాలు పేరిస్తే పక్క స్టేషన్లో బండెక్కే ప్రతివాడూ తుమ్ముతాడు. తుమ్మినవాడు ప్రయాణం మానుకుంటాడు. రైల్వే ఏమైపోవాలి?"

తెల్లచొక్కా ఆయన జవాబు చెప్పబోయి, తుమ్మి, ఊరుకున్నాడు.

"మరి... మ్యూజియం సార్?" అడిగాడు మాస్టారు, ఒక అడుగు ముందుకొచ్చి.

ఆఫీసరు జనం వంక చూశాడు. మజ్జిగ తుడుచుకున్నాడు. "ఉంచుకోండి. వీళ్ళు వస్తున్నన్నాళ్ళూ ఉంచుకోండి. ఒక్క మిరపకాయ మాత్రం లోపలికి రాకూడదు."

మాస్టారు అక్కడే బెంచీ చివర కూర్చుండిపోయాడు. గుండెల మీద నుంచి రాతి స్టేషను దిగినంత తేలికైంది. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. అప్పుడొచ్చింది, పొద్దుట్నుంచీ రానిది.

"హాచ్!"

ప్లాట్‌ఫారం మీద జనమంతా ఆయన వైపు తిరిగారు. ఆఫీసరు మజ్జిగ గ్లాసు గాల్లోనే ఆపాడు. కోటిరత్నం కళ్ళు మూసుకుంది. బుల్లయ్య "బావా, ఇంకోటి, ఇంకోటి," అని గొణిగాడు.

"హాచ్!"

"జంట," అన్నాడు ఆఫీసరు, గారెల పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

మరుసటి ఆదివారం ట్రాక్టర్ల మీద కుటుంబాలకి కుటుంబాలే దిగాయి. టిక్కెట్ల కిటికీ దగ్గర నర్సరావుపేట ఊసెత్తినవాడు లేడు. "ఆ తుమ్ముల గది ఎటండీ?" అనే అందరూ. మాస్టారి మనసు చివుక్కుమంది. వంకర అద్దాలూ, తూకాల ఆటా, ఇన్ని పెట్టుకుంటే అడిగేది అదొక్కటేనా?

"ఎందుకొస్తే ఏం? వస్తున్నారుగా," అంది కోటిరత్నం చిల్లర ఇస్తూ. "అయినా ఆఫీసరు కాయ వద్దన్నాడు గానీ గింజ వద్దన్నాడా?"

అదీ నిజమే. మాస్టారు గాజుపెట్టె ఒకటి కట్టించి, అందులో చిటికెడు గింజలు పోసి, ముక్కు పెట్టుకునేంత కన్నం చేయించి, పక్కన తుమ్ము ఎందుకొస్తుందో పెద్దక్షరాలతో రాశాడు. తర్వాత రంగు డబ్బా తెచ్చి, ఆ గదికి దారి చూపిస్తూ నేల మీద బాణాలు వేశాడు. గది టిక్కెట్ల కిటికీకి ఆనుకునే ఉంది. బాణాలు మాత్రం మిగతా గదులన్నీ తిరిగి వస్తాయి.