కుడివైపు జేబు

పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చేలోగా చొక్కాలన్నీ తీగ మీద వేలాడాలి. వృత్తి విద్యా పాఠశాలలో కుట్టు టీచరమ్మ ఆ ఉదయానికి వేసుకున్న పథకం అంతే. పిల్లలు తమంతట తాము నేర్చుకోగలరని ప్రిన్సిపాల్‌తో పంతం పట్టి, ఫోను ఎదురుగా నిలబెట్టుకుని పాఠమంతా వీడియో తీసి పంపి, వారం పాటు తరగతి గడప తొక్కలేదామె. ఇది బెడిసికొడితే పిల్లలకిచ్చిన తొమ్మిది ట్యాబ్‌లూ మళ్లీ బీరువాలోకి వెళ్తాయి. ఆ తాళంచెవి ప్రిన్సిపాల్ మొలతాడుకి ఉంటుంది.

తలుపు తీసి ఆమె తీగ వంక చూసింది. మొదటి చొక్కాకి జేబు కుడివైపు. రెండోదానికీ కుడివైపే. తొమ్మిదింటికీ అంతే.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని కుట్టారర్రా?"

"మేడమ్, ఒక్క మాట..."

"మాటలు తర్వాత! ఇదెవరు చెప్పారు?"

"మీ వీడియోలో అలాగే ఉంది మేడమ్."

ట్యాబ్ లాక్కుని చూసింది. తెర మీద తనే. కానీ కత్తెర ఎడమ చేతిలో ఉంది! బుద్ధెరిగాక ఆ చేత్తో సూదైనా పట్టని మనిషి. ఆమెకు తను అంత పరాయిగా ఎన్నడూ కనబడలేదు.

"సార్, ఎవరో నా వీడియో మార్చేశారు!" అని ఫోన్ చేసింది.

"అయితే మార్కులు కూడా మార్చేసే ఉంటారు!" ప్రిన్సిపాల్ హడలిపోయి వరండాలోకి పరుగెత్తాడు. గుమస్తా ఆఫీసు కంప్యూటర్ల వైర్లన్నీ పీకేశాడు. "దొంగ లోపలే ఉన్నాడు, ఒక్క ప్రాణిని బయటికి పోనివ్వకు!" అని వాచ్‌మన్‌కి ఆజ్ఞ వెళ్లింది. సరిగ్గా అప్పుడే అధికారి దిగాడు. లోపలికి రావద్దని ఆజ్ఞలో లేదు కనుక, వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి పంపి, వెనకాలే గేటుకి తాళం వేశాడు.

"పిల్లలు సొంతంగా నేర్చుకున్నవి ఇవేనా?" ప్రిన్సిపాల్ వెంట తరగతిలోకి వచ్చిన అధికారి జేబుల వంక చూశాడు.

వెనక బెంచీ అమ్మాయి లేచింది. హాజరు పలకడం తప్ప ఆ గొంతు ఎవరూ విని ఎరుగరు.

"దొంగ ఎవరూ లేరండి. వీడియోలో మేడమ్ వెనకున్న గడియారం చూడండి, అంకెలు తిరగబడి ఉన్నాయి. మెడలో టేపు మీదా అంతే. ముందు కెమెరాతో తీశారు కదా, అద్దంలో చూసినట్టు వచ్చింది."

"ఎప్పుడు కనిపెట్టావే?" అంది టీచరమ్మ.

"ఇవి కుట్టాక. తొడుక్కుని చూస్తే పెన్ను పెట్టుకోవడానికి చెయ్యి కుదర్లేదు. అప్పుడు అందరం వెతికి, వీడియో తిరగేయడం నేర్చుకుని, మిగిలిన గుడ్డతో మళ్లీ కుట్టాం."

"మరి నాకు చెప్పొద్దూ?"

"వారం దాకా నన్నేమీ అడగొద్దన్నారు కదా మేడమ్!"

బల్ల కింది మూట విప్పారు. మరో తొమ్మిది చొక్కాలు, ఎడమవైపు జేబులతో. "తప్పు పక్కనే ఒప్పు వేలాడదీద్దామనుకున్నాం. సగంలో ఉండగా మీరొచ్చేశారు."

అవీ తీగకెక్కాక, జతజతగా వేలాడుతున్న చొక్కాల జేబులు ఒక్కొక్కటే టీచరమ్మ తడిమి చూసింది. ఇరవై ఏళ్లుగా తాను నేర్పింది చూసినది చూసినట్టు కుట్టడమే. చూసినదాన్ని శంకించడం వీళ్లకు ఎవరు నేర్పారు? తాను గడప తొక్కని ఆ వారంలో, ఈ గదిలో ఎంత పెద్ద పని జరిగింది! ఆమె మెల్లగా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంది.

"ఎలా తిరగేయాలో నాకూ చూపించమ్మా."

ప్రిన్సిపాల్ బీరువా తాళంచెవి విప్పి, చప్పుడు చేయకుండా ఆమె ముందు పెట్టాడు.

అరగంటలో ముగించవలసిన తనిఖీకి అధికారి సాయంత్రం దాకా ఉండిపోయాడు. గేటు తెరవమని వాచ్‌మన్‌కి ఎవరూ చెప్పలేదు.