శుద్ధ క్రీడా దినం

ఊరి జనానికి గుర్రాలంటే ప్రాణమని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ప్రతి శనివారం మధ్యాహ్నం రేసుకోర్సు కిటకిటలాడేది కేవలం ఆ ప్రేమవల్లే. గుర్రాలు పరిగెత్తేటప్పుడు జనమంతా వాటికి వీపు పెట్టి, పందెం రేట్లు పడే పెద్ద బోర్డు వైపే చూస్తూ నిలబడతారంటే అది ఒట్టి మొహమాటం. మనసు పడ్డవాళ్ళ మొహంలోకి సూటిగా చూడాలంటే ఎవరికైనా సిగ్గేస్తుంది కదా.

ఈ ప్రేమకంతటికీ పెద్దదిక్కు క్లబ్బు సెక్రటరీగారు. జీవితంలో ఒక్క పందెం కూడా కాయలేదని ఆయనకి పేరు. గుర్రం దగ్గరికెళ్తే తుమ్ములొస్తాయి కాబట్టి గుర్రాన్నీ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇటు జూదమూ తెలీదు, అటు క్రీడా తెలీదు. ఇంతకంటే నిష్పక్షపాతి దొరకడని క్లబ్బువాళ్ళు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఉండటానికి తోటతో సహా ఒక బంగళా ఇచ్చారు.

అంతా సవ్యంగా సాగిపోతుంటే, గిట్టనివాడెవడో ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. రేసుకోర్సులో జరిగేది క్రీడ కాదట, జూదమట. ప్రభుత్వం ఉలిక్కిపడింది. గేటు పక్కనే 'పందెం కౌంటర్లకు దారి' అని నిలువెత్తు బాణం గుర్తు ఉన్నా, పాపం దానికి అప్పటిదాకా ఆ అనుమానమే రాలేదు. వెంటనే ముగ్గురితో ఒక విచారణ సంఘం వేసింది. ఒకరు రిటైరైన జడ్జిగారు, ఒకరు ప్రొఫెసర్‌గారు, ఇంకొకరు సంఘసేవకురాలు. వచ్చే శనివారం వాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారు. క్రీడ అని తేలితే క్లబ్బు ఉంటుంది, జూదం అని తేలితే గేటుకి తాళం పడుతుంది.

ఆ పూట సెక్రటరీగారికి అన్నం సయించలేదు.

"తాళం పడితే బంగళా ఖాళీ చెయ్యాలే. మన గతేంటి?" అన్నారు భార్యతో.

"దానికేంటండీ, మా నాన్నగారింట్లో వెనక గది ఉందిగా. తమ్ముడు అందులోనే ఫిడేలు నేర్చుకుంటున్నాడు. మీకూ కాలక్షేపం."

బావమరిది ఫిడేలు సెక్రటరీగారు ఒకసారి విన్నారు. నోటిదాకా వెళ్ళిన ముద్ద తిరిగి కంచంలోకి వచ్చేసింది.

తెల్లారేసరికి ఆయన ఒక మహత్తర ఉపాయం ఆలోచించారు. ఆ శనివారం పందెం కౌంటర్లన్నీ మూసేస్తారు. బోర్డు ఆర్పేస్తారు. జనం ఎలాంటి ఆశా లేకుండా గుర్రాల్ని చూసి ఆనందిస్తారు. దానికి 'శుద్ధ క్రీడా దినం' అని పేరు పెట్టి ఊరంతా పోస్టర్లు అంటించారు.

జనం వచ్చారు. శనివారం మధ్యాహ్నం వాళ్ళ కాళ్ళకి వేరే దారి తెలీదు. విచారణ సంఘానికి గౌరవంగా అందరికంటే ముందు, ట్రాక్ పక్కనే ఎత్తుగా వేదిక కట్టి, మెత్తటి కుర్చీలు వేశారు. క్లబ్బు తరఫున అంతకుముందే ముగ్గురికీ బ్రహ్మాండమైన భోజనం కూడా పెట్టారు.

"మిత్రులారా!" అని సెక్రటరీగారు మైకు అందుకున్నారు. "గుర్రమంటే వేగం! గుర్రమంటే సౌందర్యం! గుర్రమంటే..." గాలి గుర్రాల వైపు నుంచి వీచింది. ఆయన వరసగా తుమ్మి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నారు. గుర్రం పేరెత్తితేనే కన్నీళ్ళు పెట్టుకున్నాడని సంఘం రాసుకుంది.

మొదటి రేసు మొదలైంది. జనం అలవాటుగా గుర్రాలకి వీపు పెట్టి, ఆరిపోయిన బోర్డు వైపు నిలబడ్డారు. గుర్రాలు వెళ్ళాయి, వచ్చాయి. ఒక్క చప్పట్టు లేదు. ఎవరో ఆవలించింది మైదానమంతా వినిపించింది. గెలిచిన జాకీ అయితే గుర్రం దిగి టోపీ తీసి, క్లబ్బులో ఎవరైనా పోయారా అని మెల్లిగా అడిగాడు. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని జనం వైపొకసారి, ట్రాక్ వైపొకసారి చూశారు. సెక్రటరీగారి చెవుల్లో ఫిడేలు మోగింది.

రెండో రేసులో మాత్రం అద్భుతం జరిగింది. గుర్రాలు ఆఖరి మలుపు తిరుగుతుండగా, ఉన్నట్టుండి స్టాండు స్టాండంతా ఒక్క గొంతుతో అరిచింది. టోపీలు గాల్లోకి లేచాయి. ఎవరెవరో ఎవరెవర్నో కౌగిలించుకున్నారు. సంఘం సభ్యులు ముగ్గురూ ఉలిక్కిపడి చూస్తే, గుర్రాలు గెలుపు గీత దాటుతున్నాయి.

"ఆహా, ఏం క్రీడాభిమానం!" అన్నారు జడ్జిగారు.

సెక్రటరీగారికి ఈసారి నిజంగానే కళ్ళు చెమర్చాయి. అసలు ప్రేమ ఎక్కడికి పోతుంది, లోపలే ఉంటుంది అనుకుంటూ, జనాన్ని అభినందిద్దామని స్టాండు ఎక్కారు. పై మెట్టు మీద కళ్ళజోళ్ళ షాపాయన కూర్చుని ఉన్నాడు. రేసుల రోజున ఆయన బైనాక్యులర్లు అద్దెకిస్తాడు. ఈ రోజు ఆ బైనాక్యులర్లన్నీ గుర్రాల వైపు కాకుండా వేదిక వైపు తిరిగి ఉన్నాయి.

"ఒరే బావా, జడ్జిగారి తల ఊగుతోందిరా!" అన్నాడు బైనాక్యులర్ పట్టుకున్న ఒకడు, పక్కవాడితో.

"ఊగితే లెక్కలోకి రాదు మావా. గడ్డం వెళ్ళి ఛాతీకి తగలాలి."

సెక్రటరీగారు గబగబా షాపాయన దగ్గరికి వెళ్ళారు. "ఏమయ్యా, ఏం జరుగుతోందిక్కడ?"

"ఆటేనండీ," అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన. "ముగ్గురిలో ముందెవరు కునుకు తీస్తారా అని. ఇందాక జడ్జిగారు గెలిచారు."

"పందేలు వద్దని పోస్టర్లు వేశాం కదయ్యా!"

"అది గుర్రాల మీద కదండీ. గుర్రాల జోలికి ఎవడెళ్ళాడిక్కడ?"

"వాళ్ళు పెద్దమనుషులయ్యా!"

"అందుకేనండీ ఇంత గిరాకీ. జడ్జిగారికి కోర్టులో ఏళ్ళ తరబడి సాధన ఉంది. ప్రొఫెసర్‌గారు కళ్ళు తెరుచుకునే నిద్రపోగలరు, అందుకే గడ్డం రూలు పెట్టాం. ఆవిడ మాత్రం సూదిలా కూర్చున్నారు, ఆవిడ మీద ఎవరూ కాయట్లేదు."

ఆపించేద్దామని సెక్రటరీగారు నోరు తెరిచారు. తెరిచాక గుర్తొచ్చింది. పందేలు ఆపితే కేకలు ఆగుతాయి. కేకలు ఆగితే క్లబ్బు ఆగుతుంది. వెనక గది, అందులో ఫిడేలు. ఆయన తెరిచిన నోటితో కాసిని మంచినీళ్ళు తాగి కిందికి దిగిపోయారు.

మూడు, నాలుగు, అయిదు రేసులు క్రీడాస్ఫూర్తితో హోరెత్తిపోయాయి. ఎవరో ఒకరి గడ్డం వాలడం, జనం అరవడం, సంఘం ఉలిక్కిపడి లేచి జనాభిమానానికి మురిసిపోవడం. తీర్పు మాత్రం ఆఖరి రేసు చూశాకే అని జడ్జిగారు ప్రకటించారు. అప్పుడు కళ్ళజోళ్ళ షాపాయన పరిగెత్తుకొచ్చాడు.

"కొంప మునిగిందండీ సెక్రటరీగారూ. జనమంతా జడ్జిగారి మీదే కాసేశారు. పోటీ లేకపోతే కేక లేవదు. ప్రొఫెసర్‌గారి మీద ఎవరో ఒకరు గట్టిగా కాయాలి."

క్లబ్బు కోసం, క్రీడ కోసం, కేవలం నిస్వార్థంగా సెక్రటరీగారు జీవితంలో మొదటిసారి పందెం కాశారు. కాసిన మరుక్షణం ఆయనకి ప్రొఫెసర్‌గారంటే వల్లమాలిన గౌరవం పుట్టుకొచ్చింది. తన బంగళా నుంచి దిండు తెప్పించి ఆయన మెడ కింద సర్దారు. ఎండ తగలకుండా గొడుగు పట్టించారు. జడ్జిగారికేమో చిక్కటి కాఫీ పంపించారు, ఒకటి కాదు, రెండు. గుర్రాలకి ఉత్తేజం కలిగించేవి ఇవ్వకూడదని క్లబ్బు నియమావళిలో ఉంది. జడ్జిల ప్రస్తావన అందులో లేదు.

"దిండు పెట్టడం అన్యాయం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆరో రేసు. ప్రొఫెసర్‌గారి తల దిండు మీద పక్కకి ఒరిగింది కానీ గడ్డం కిందికి రాలేదు. ఆ దిండే అడ్డం పడింది. రెండు కాఫీలు తాగి కూడా జడ్జిగారి గడ్డం అంగుళం అంగుళం దిగుతోంది. "పడండి జడ్జిగారూ, పడండి!" అని ఒక పక్క, "దిండు లాగెయ్యండ్రా!" అని ఒక పక్క. అందరికంటే గట్టిగా అరిచింది సెక్రటరీగారు. సరిగ్గా అప్పుడు, ఎవరూ చూడని చివరి కుర్చీలో సంఘసేవకురాలు చెప్పాపెట్టకుండా కునికి, గడ్డాన్ని ఛాతీకి ఆనించేశారు.

మైదానం దద్దరిల్లింది. ఆవిడ మీద కాసింది ఊరి మొత్తానికి ఒక్కరే, సెక్రటరీగారి భార్య.

"తెల్లారకుండా లేచే మనిషని ఆవిడ మొహం చూస్తేనే తెలియట్లేదటండీ?" అంది మొగుడితో.

సంఘం నివేదిక వారంలోనే వచ్చింది. ఇది నూటికి నూరుపాళ్ళు క్రీడేనని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. గుర్రాల కోసం గుండెలు బాదుకునే జనాన్ని తామెక్కడా చూడలేదన్నారు. పందెం లేకుండానే ఇంత ఉత్సాహం ఉంది కాబట్టి కౌంటర్లు శాశ్వతంగా అనవసరమన్నారు. అక్కడిదాకా చదివి సెక్రటరీగారు గుండె పట్టుకుని కూర్చున్నారు. క్లబ్బు బతికేదే కౌంటర్ల మీద. తర్వాతి వాక్యం చదివి లేచి నిలబడ్డారు. ఈ అపురూప క్రీడని అధ్యయనం చేయడానికి ప్రతి శనివారం భోజనం వేళకి తామే వస్తామని అందులో రాశారు.

ఇప్పుడు రేసుకోర్సుకి అంతకుముందుకంటే రెట్టింపు జనం. ప్రవేశ రుసుమూ రెట్టింపే. బంగళా నిలబడింది, కళ్ళజోళ్ళ షాపాయన క్లబ్బుకి క్రీడా సలహాదారు అయ్యాడు. దాణా ఖర్చు దండగని గుర్రాల్ని ఒక్కొక్కటే అమ్మేస్తే, ఆఖరిది వెళ్ళిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. కేకకి మెలకువొచ్చినప్పుడల్లా "అయ్యో, ఇప్పుడే దాటాయండీ" అని సంఘానికి చెబుతారు. సెక్రటరీగారికి తుమ్ములు కూడా తగ్గాయి.

ఇంతకీ శుద్ధ క్రీడా దినం నాడు ఆరు రేసులు నిజంగానే జరిగాయి. వాటిలో ఏ గుర్రం గెలిచిందని జనం అడగలేదు, సంఘం అడగలేదు, సెక్రటరీగారికి ఇప్పటికీ తెలీదు. వాళ్ళంటే సరే, వ్యసనపరులు. మరి మీరు? ఇంతసేపూ చదివారు, ఒక్కసారైనా అడిగారా? జడ్జిగారా, ప్రొఫెసర్‌గారా అని మనసులో ఎవరో ఒకరి మీద మాత్రం కాసే ఉంటారు.

పోయిందిగా?