యజమాని లేని దర్జీ దుకాణం

పెట్టుబడిదారీ వ్యవస్థ కూలిపోవాల్సిందేనని ఘంటాపథంగా చెబుతున్నాను. నా ప్యాంటు ఒకటి ఏడు నెలలుగా ఆ పోరాటంలో పాల్గొంటోంది కాబట్టి, చెప్పే హక్కు నాకుంది!

మా వీధి చివర ఒక దర్జీ దుకాణం ఉంది. ఓనరు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయాక, కటింగ్ మాస్టరు ఏదో ఉద్యమంలో చేరి వచ్చి, ఇకమీదట ఇక్కడ యజమానీ లేడు, పనివాడూ లేడు, అందరూ సమానమేనని ప్రకటించాడు. బోర్డు చెరిపి 'ప్రత్యామ్నాయ వస్త్ర సమాజం' అని రాయించాడు.

పాత రోజుల్లో ఏం సుఖం ఉండేది చెప్పండి? గుడ్డ ఇస్తే వారానికి ప్యాంటు వచ్చేది, తొడుక్కునేవాళ్ళం. అందులో ఆలోచనకు చోటెక్కడిది? ఇప్పుడో! నా నడుము కొలతను సర్వసభ్య సమావేశంలో చర్చించారు. జేబులు సొంత ఆస్తికి చిహ్నాలని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. రెండు వారాలు వాదించుకుని ఒక్క జేబుకు రాజీ పడ్డారు. అదీ ఎడమవైపే. నా నడుము గురించి అంతమంది అంత శ్రద్ధగా మాట్లాడటం నాకు ఊహ తెలిశాక ఇదే మొదలు. మా ఆవిడ కూడా ఎన్నడూ అంత పట్టించుకోలేదు.

ఆ దుకాణంలో కాజాలు కుట్టే ఒకావిడ ఉండేది. అందరం అక్కా అనే పిలుస్తాం. పదహారేళ్ళు స్టూలు మీద కూర్చుని ఆవిడ నడుము కాస్తా పోయింది. వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి ఇప్పించమని అడిగితే పాత ఓనరు చూద్దాం అనేవాడట. చూస్తూ చూస్తూనే ఇంటికెళ్ళిపోయాడు.

ఉద్యమం అలాంటిది కాదు! ఆవిడ విన్నపాన్ని చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా ఆమోదించింది. అయితే ఒక్కరికే కుర్చీ ఇస్తే కొత్త వర్గం పుట్టుకొస్తుందేమోనన్న అనుమానంతో ఆరుగురి ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘం నిలబడి చర్చించలేదు కదా? ఆరు కుర్చీలు తెప్పించారు. అక్క ఆరుగురికీ టీ అందించి, మళ్ళీ స్టూలెక్కింది.

పోయిన నెల ఒక ఉదయం ఆవిడ తన కత్తెర సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. రెండు వీధుల అవతల తన ఇంటి వరండాలో, తమ్ముడి పాత మిషను మీద కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడను కొత్త పెట్టుబడిదారుగా ఖండిస్తూ మాస్టరు తీర్మానం రాశాడు. సమసమాజం మీద ప్రేమతో నేనూ సంతకం పెట్టాను.

మర్నాడు ఇంకో ప్యాంటు గుడ్డ పట్టుకుని చాటుగా ఆ వరండాకు వెళితే, నాకంటే ముందే మాస్టరు అక్కడున్నాడు. చంకలో చొక్కా గుడ్డ. ఉద్యమ మహాసభలో వేసుకోవాలట, తొందరట. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, గోడను పరిశీలించడంలో మునిగిపోయాం.

గోడలో చూడ్డానికి ఇంకేమీ మిగలక, దుకాణంలో రెండు పద్ధతులకూ తేడా ఏమిటని అక్కను అడిగాను.

"ఓనరుగారు ఉన్నప్పుడు ఆయనొక్కరే మాట్లాడేవారండీ, నేను కుట్టేదాన్ని. తర్వాత పదకొండుమంది మాట్లాడారు. అప్పుడూ నేనే కుట్టాను," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. దారం ఎక్కలేదు. తలెత్తి మా ఇద్దరినీ చూసింది.

"కాస్త జరగండి. వెలుతురుకు అడ్డంగా నిలబడ్డారు."

జరిగాం. వ్యవస్థలో నేను కళ్ళారా చూసిన మొదటి మార్పు అదే.