విత్తనాల ఇంట్లో దయ్యం సినిమా

పొద్దున్నే ఆకాశం చూసి జయరామప్ప ఒక నిర్ణయానికి వచ్చాడు. రెండేళ్ల కరువు తర్వాత తమ ఊరు అరసికెరె మీద మబ్బు కమ్ముతోంది. మూడెకరాలకని దాచిన ఆరు మూటల వేరుశనగ కాయ సాయంత్రానికి ఒలిచి తీరాలి. ఇది తప్పితే ఇంట్లో వేరే విత్తనం లేదు.

విత్తనం ఒలిచేటప్పుడు అందరూ పాడాలన్నది ఆ ఇంటి పెద్దల నియమం. భక్తితో కాదు, పాడే నోరు గింజ నమలలేదు కనుక.

"ఈ కాలంలో పాటలకు ఎవరొస్తారు? వీడియో తెప్పిస్తా, ఊరంతా వచ్చి ఒలుస్తాది" అన్నాడు జయరామప్ప.

"అయితే పాటల సినిమానే తెప్పించు" అంది భార్య రంగక్క.

పావగడ బజారులో వీడియో షాపు నడిపే పట్టాభి పదింటికల్లా టీవీ దించాడు. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. ముప్పై మంది చేటలు ముందేసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే టీవీలో ఒక తెల్లదొర, ఒక అడవి.

"పాటల క్యాసెట్టు ఎవరో తీసుకపోయినారప్పా" అన్నాడు పట్టాభి. "ఇది దయ్యం సినిమా. ఆకాశం నుంచి ఏదో దిగి అందర్నీ కొంచెం కొంచెంగా మింగుతాది. భయానికి ఎవురూ నోరు తెరవరు!"

నోరు తెరవకపోతే మరీ మంచిదనుకున్నాడు జయరామప్ప. రంగక్క మాత్రం నలుగురు ఆడవాళ్లను, రెండు మూటలను వెంటబెట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్లి పాట ఎత్తుకుంది. సినిమాకు అడ్డమని జయరామప్ప తలుపు మూసేశాడు.

అరగంటసేపు దొర చెట్లను చూశాడు. ఇంకో అరగంట ఆకాశాన్ని చూశాడు.

"పాపం, ఆయప్పకూ వాన లేనట్టుండాది" అంది ఈరక్క.

"అంత పచ్చగుంటే ఇంకేం వాన కావాల?" అన్నాడు దొడ్డయ్య.

"వస్తాది, ఇప్పుడొస్తాది" అన్నాడు పట్టాభి.

ఆ మాటతో అందరూ ఊపిరి బిగబట్టారు. చేతులు మాత్రం ఊరుకోలేదు. ఒక గింజ చేటలోకి, ఒక గింజ నోట్లోకి. కాసేపటికి చీకట్లో కరకరమని శబ్దం మొదలైంది.

"వచ్చె! అడవిని నమలుతాంది!" అంది ఈరక్క.

భయం పెరిగింది. భయంతోపాటు నమలడమూ పెరిగింది, దాంతో శబ్దమూ పెరిగింది. అది విని వీధిలోవాళ్లు కూడా వచ్చి చేరారు. తన చేట ముందు కూర్చున్న జయరామప్ప దొర మీదినుంచి కన్ను తిప్పలేకపోయాడు.

చివరకు దొర మాయమయ్యాడు. అడవి మిగిలింది.

"దయ్యం యాడ?" అన్నాడు దొడ్డయ్య.

"కనపడదు. అదే దాని గొప్ప" అన్నాడు పట్టాభి.

గోనెపట్టా తీసేసరికి పొట్టు మోకాలి ఎత్తున ఉంది. గింజలు చేటల అడుగున ఉన్నాయి. ఈ ఏడూ పొలం బీడేనా అని జయరామప్పకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

"ఎవురు తినిండేది? నోళ్లు తెరవండి!"

అందరూ భయంభయంగా తెరిచారు. అప్పుడే రంగక్క నిండు గోనెసంచితో లోపలికి వచ్చింది. రెండు మూటల గింజా అందులో భద్రంగా ఉంది. ఆమె మొగుడి చేట చూసింది. ఊళ్లో అందరి చేటల్లోనూ ఎంతో కొంత ఉంది, అతని చేట ఒక్కటే ఖాళీ. మీసానికి ఎర్రటి గింజపొట్టు అంటుకుని ఉంది.

"దయ్యం కనపడింది పట్టాభీ!" అన్నాడు దొడ్డయ్య.

తిన్నవాళ్లు సిగ్గుపడి సాయంత్రానికి తలా కొంత విత్తనం తెచ్చి పోశారు. మూడోనాడు వాన పడింది. విత్తనాల సంచి మొగుడి భుజానికి తగిలించే ముందు రంగక్క ఒక షరతు పెట్టింది.

మూడెకరాలూ జయరామప్ప పాడుతూనే విత్తాడు.